ఆరు బస్సుల మేడం

మూడో బస్సు గేటులోకి తిరిగేసరికి శారదాదేవి చేతిలోని పరీక్ష అట్ట మీద మూడో గీత గీసి, తల ఎత్తకుండానే పిల్లల కాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముఖాలు చూస్తే లెక్క తప్పుతుంది. ఒకడు నవ్వుతాడు, ఒకతి గుడ్ మార్నింగ్ చెబుతుంది, ఇంకొకడు నిన్నటి పంటినొప్పి సంగతి ఎత్తుకుంటాడు. కాళ్ళతో ఆ బాధ లేదు, మెట్టు మీంచి జతలు జతలుగా దిగిపోతాయి. హిమాయత్‌నగర్ బస్సులో ముప్పై ఎనిమిది జతలు దిగాలి. ముప్పై ఏడే దిగాయి. డ్రైవరు ఎల్లేశ్ అందరూ వచ్చారనే అన్నాడు. ఆమె బస్సెక్కి, ఒక్కో సీటు కిందికి వంగి చూసుకుంటూ వెనక్కి నడిచింది. చిట్టచివరి సీట్లో యూకేజీ పాప బ్యాగును కౌగిలించుకొని ఆదమరచి నిద్రపోతోంది. శారదాదేవి పాపను భుజాన వేసుకొని దించి ఆయమ్మకు అప్పగించింది. ఎల్లేశ్ తల గోక్కున్నాడు. ఆమె అట్ట మీద ముప్పై ఎనిమిది అని రాసుకుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. మొయినాబాద్‌లో రోడ్డు పక్కనున్న ఆ స్కూలుకు ఆమె లెక్కల టీచరుగా వచ్చినప్పుడు ఒక్కటే బస్సు ఉండేది. ఇప్పుడు ఆరు. అజీజ్‌నగర్ బస్సులో ఫాంహౌసుల వాచ్‌మన్ల పిల్లలు, తోటపని వాళ్ళ పిల్లలు వస్తారు. చిన్న మంగళారం బస్సులో రైతుల పిల్లలు, చెప్పులకు తోట మట్టి అంటించుకొని. ఏ బస్సు ఏ మలుపులో ఆలస్యమవుతుందో, ఏ పిల్లకు ముందు సీటు ఇవ్వకపోతే వాంతి అవుతుందో అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. డ్రైవర్లు ఆమెను ఆరు బస్సుల మేడం అంటారు. ఎదురుగా అనరు గానీ ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల సంతోషపడుతుంది కూడా.

నలభై ఏడేళ్ళ మనిషి. పొట్టి, కాస్త ఎడమవైపు ఒరిగి నిలబడుతుంది, కుడి మోకాలు అరిగింది మరి. చీర కొంగును భుజం దగ్గర ఒకటికి రెండు పిన్నులతో బిగిస్తుంది. పాపిట దగ్గర నెరిసిన వెంట్రుకలకు రంగు వేసుకోవాలని రెండేళ్ళ నుంచి అనుకుంటోంది. గొంతు మాత్రం ఎప్పుడో బొంగురుపోయింది, మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పిలిచి పిలిచి. అలాంటి మనిషి ఈ శనివారం పొద్దున పెట్టెలోంచి మామిడిపిందె రంగు పట్టుచీర తీసి కట్టుకొచ్చింది. వాళ్ళమ్మ చీర అది. షేర్ ఆటోలో నలుగురి మధ్య నలిగిపోతుందని చేవెళ్ళ నుంచి దారంతా కుచ్చిళ్ళు చేత్తో పట్టుకునే కూర్చుంది.

పట్టుచీర ఎందుకంటే, ఇవాళ ఆమె ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోబోతోంది.

ఆ కుర్చీ నాలుగేళ్ళ నుంచి ఖాళీ. పాత ప్రిన్సిపాల్ సారు నగరంలో ఇంకో స్కూలుకు వెళ్ళిపోయాక కరస్పాండెంట్ భూపాల్ ఆ గదికి తాళం వేయించి, శారదాదేవిని ఇన్‌చార్జి అన్నాడు. టైం టేబుల్ ఆమెదే, పరీక్షలు ఆమెవే, తల్లిదండ్రులతో మాట పడటమూ ఆమె వంతే. కూర్చోవడం మాత్రం స్టాఫ్‌రూంలో నీళ్ళ కుండ పక్కన, కిటికీ లేని మూల. ఓ రోజు మొహమాటం చంపుకొని అడిగింది. భూపాల్ కాదనలేదు. ఆయన ఎవరినీ ఏ పనికీ కాదనే రకం కాదు, ఊళ్ళో రెండు ఎన్నికలు గెలిచిన మనిషి. "సెంట్రల్ సిలబస్‌కు పోతున్నం మేడం. ప్రిన్సిపాల్‌కు బీఎడ్ ఒక్కటుంటే నడ్వదు, పీజీ గూడ ఉండాలె. మీరు చదువుండ్రి, ఆ కుర్చీ మీదే" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకొని నలభై అయిదేళ్ళ వయసులో ఆమె ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో చేరింది. చేరడానికే నానా తంటాలు పడింది. ఉద్యోగంలో చేరిన రోజే టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ స్కూలు ఆనవాయితీ. మధ్యలో మానేసి పోకుండా అన్నమాట. యూనివర్సిటీ వాళ్ళకు చూపించాలి, ఒక్క పూట ఇవ్వండి సార్ అని ఆమె అడిగితే, భూపాల్ పెద్ద మనసు చేసుకొని ఇచ్చాడు. కాకపోతే వాచ్‌మన్ ప్రేమదాసును తోడు పంపాడు. రానూ పోనూ బస్సులో ప్రేమదాసు ఆ ఫైలును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. కౌంటరులో అడిగినప్పుడు ఒక్కో కాగితం తీసి ఆమె చేతికి ఇవ్వడం, ఆమె చూపించాక మళ్ళీ తీసుకొని లోపల పెట్టుకోవడం. కౌంటరు అమ్మాయి మీ భర్తా అని అడిగింది. ప్రేమదాసు సిగ్గుతో చచ్చిపోయి, కాదమ్మా, నేను ఈ కాగితాలకు వాచ్‌మన్‌ను అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆ మాట తలుచుకొని ఇద్దరూ నవ్వుకున్నారు. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

క్లాసులు ప్రతి ఆదివారం నగరంలో. మొదటి రోజు జరిగింది వింటే ఎవరైనా నవ్వుతారు. పాఠం చెప్పే క్రాంతి కుమార్, ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, హాజరు పిలిచాడు. శారదాదేవి అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పంతొమ్మిదేళ్ళుగా హాజరు పిలవడమే తప్ప పలకడం లేని మనిషి, ఆమె కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి, ఎవరబ్బా ఈ పలకని పిల్ల అని బెంచీలన్నీ వెతికింది. మూడోసారికి ఆయన ఆబ్సెంట్ వేశాడు. అప్పుడు గానీ తెలియలేదు, ఆ పేరు తనదేనని. అమ్మ పోయాక తనను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. బడిలో మేడం, ఇంట్లో అన్న పిల్లలకు అత్తమ్మ, అన్నకు ఏమే. క్లాసయ్యాక వెళ్ళి సార్, నేను ఉన్న అని చెప్పింది.

రెండేళ్ళు ఆదివారం అన్నది లేకుండా చదివింది. చేవెళ్ళ బజారులో అన్న రామేశ్వర్‌కు సిమెంటు, ఇనుప సామాన్ల దుకాణం ఉంది. దుకాణం పైన రెండు గదుల్లో వెనక గది ఆమెది. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి, నాన్న పోయాడు, అమ్మ మంచాన పడింది. అమ్మను చూసుకుంటూ ఉండగానే సంబంధాలు రావడం ఆగిపోయింది. అందులో ఎవరి తప్పూ లేదు. అమ్మ పోయిన ఏడాదే పుస్తకాలు కొన్నది. నాయకత్వం మీద ఓ పేపరు ఉండేది. మంచి నాయకుడు తనకు కనిపించని చివరి మనిషి గురించి ఆలోచిస్తాడని అందులో చదివి, తాను పొద్దున్నే బస్సుల దగ్గర చేసే పని గురించి అంత పెద్ద పుస్తకంలో రాశారా అని ఆశ్చర్యపోయింది. ఆ పేజీ మడిచి పెట్టుకుంది. ఫస్ట్ క్లాసులో పాసైంది. ఫోన్లో వచ్చిన రిజల్టు వదినకు చూపిస్తే, బియ్యం ఏరుకుంటూ మంచిదే అన్నది. అన్న, ఇంగ ఆదివారాలు ఇంట్ల ఉంటవు, దుకాణంల జర లెక్కలు చూడు అన్నాడు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆ సంతోషం వాళ్ళకు అర్థమయ్యేది కాదు, అంతే.

ఇవాళ సెంట్రల్ సిలబస్ బోర్డు వాళ్ళ ఇన్‌స్పెక్షన్. కొత్త ఎం.ఏ. సర్టిఫికెట్ తెమ్మని, మిగతావి బీరువాలోంచి తీసి పెడతానని భూపాల్ నిన్ననే చెప్పాడు. ఆరో బస్సు కూడా వచ్చాక ఆమె అట్ట చంకన పెట్టుకొని మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. నేల తుడిచారు. కుర్చీ మీద కొత్త తువ్వాలు వేశారు. ప్రేమదాసు స్టూలెక్కి తలుపు మీద ఇత్తడి రంగు బోర్డు బిగిస్తున్నాడు. ఇంగ్లీషులో ఆమె పేరు, పేరు వెనక ఎం.ఏ., బీఎడ్, కింద ప్రిన్సిపాల్. పేరు ముందు మిసెస్ అని కూడా ఉంది. పంతొమ్మిదేళ్ళు కలిసి పనిచేసిన భూపాల్‌కు ఆమెకు పెళ్ళి కాలేదన్న సంగతే తెలియదు. పోనీలే అనుకుంది. ఎవరూ చూడకుండా ఫోన్ తీసి ఆ బోర్డుకు ఓ ఫొటో తీసుకుంది.

పదింటికి ఇద్దరు వచ్చారు. జుట్టంతా తెల్లబడిన ఓ పెద్దాయన, ఎక్కడో ప్రిన్సిపాల్‌గా చేస్తున్న ఓ మేడం. గదిలో అడుగు పెట్టగానే పెద్దాయన ప్రిన్సిపాల్ గారు ఎవరని అడిగాడు. శారదాదేవి ఎప్పటి అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది, వస్తారేమో అన్నట్టు. భూపాల్ దగ్గాడు. ఆమె ఉలిక్కిపడి, నేనే సార్ అన్నది. వచ్చినవాళ్ళు నవ్వేశారు. ఆ నవ్వుతో ఆమెకు బెరుకు పోయింది.

ఆ తర్వాతి మూడు గంటలు ఎట్లా గడిచాయో ఆమెకే తెలియదు. ఏ తరగతిలో ఎందరు, ఎందరు బడి మానేశారు, ఎందుకు మానేశారు, మళ్ళీ ఎట్లా తెచ్చుకున్నారు, అన్నిటికీ ఆమె కాగితం చూడకుండా జవాబు చెప్పింది. ల్యాబులో గ్యాసు ఎక్కడ ఆపాలో చేసి చూపించింది. మీ స్కూల్లో మాత్రమే ఉన్నది ఏదైనా చెప్పండని ఆ మేడం అడిగితే, కాస్త ఆలోచించి, కాళ్ళ లెక్క గురించి చెప్పింది. ఆ మేడం నవ్వుతుందనుకుంది. నవ్వలేదు, డైరీ తీసి రాసుకుంది, మా స్కూల్లో కూడా ఇట్లాగే పెడతానన్నది. వెళ్ళేటప్పుడు పెద్దాయన భూపాల్ చెయ్యి పట్టుకొని, మీ ప్రిన్సిపాల్‌ను జాగ్రత్తగా కాపాడుకోండి అన్నాడు. భూపాల్ నవ్వుతూ రెండు చేతులూ జోడించాడు.

వాళ్ళను సాగనంపడానికి అందరూ గేటు దాకా వెళ్ళారు. శారదాదేవి గదిలోనే ఉండిపోయింది. మోకాలు నొప్పి పుడుతోంది, కానీ అసలు సంగతి అది కాదు. ఒక్క నిమిషం ఆ కుర్చీలో ఒంటరిగా కూర్చోవాలనిపించింది. కూర్చుంది. కిటికీలోంచి మైదానం మొత్తం కనిపిస్తోంది. మధ్యాహ్నం బెల్లుకు పిల్లలు టిఫిన్ డబ్బాలతో చెట్ల కిందికి పరిగెడుతున్నారు. ఇన్నేళ్ళు ఆ మైదానంలో నిలబడి పిలవడమే గానీ, పై నుంచి అది ఇంత అందంగా ఉంటుందని ఆమెకు తెలియదు. సోమవారం నుంచి బస్సుల పని ఎవరికి అప్పగించాలా అని ఆలోచించింది. సైన్సు టీచరు ప్రగతి నెమ్మదస్తురాలు, ఆ పిల్లకు నేర్పవచ్చు. వారం రోజులు పక్కన నిలబెట్టుకుంటే చాలు. ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయి, అమ్మ ఉంటే బాగుండు అనుకుంది.

తలుపు దగ్గర స్టూలు జరిపిన చప్పుడైంది. ప్రేమదాసు స్క్రూడ్రైవర్ పట్టుకొని ఎక్కుతున్నాడు. బోర్డు వంకరగా ఉందేమోననుకొని, మంచిగనే ఉన్నది కద అన్నది.

"సారు ఇప్పమన్నడు మేడం" అన్నాడు ప్రేమదాసు. మొదటి స్క్రూ ఊడి చేతిలో పడ్డాక, ఆమె ముఖం చూసి ఆగాడు. "సోమవారం సంది సమతమ్మ పేరుది పెడ్తరంట. మీకు చెప్పలేదా?"

సమత భూపాల్ కోడలు. నగరంలో ఎంబీఏ చదివింది, బీఎడ్ లేదు. పెళ్ళయి ఆరు నెలలు. ఒకట్రెండుసార్లు స్కూలుకు వచ్చి పిల్లలకు చాక్లెట్లు పంచి వెళ్ళింది. శారదాదేవికి ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. ఏమీ రాలేదు. కుర్చీ చేతుల మీద నుంచి తన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది, వేరేవాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టు.

భూపాల్ తిరిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఇన్‌స్పెక్షన్ ఇంత మంచిగా జరుగుతుందని అనుకోలేదని, స్టాఫందరికీ బిర్యానీ తెప్పిస్తున్నానని చెప్పాడు. ప్రేమదాసు చేతిలోని బోర్డును, ఆమెను చూసి, ఓ క్షణం ఇబ్బంది పడ్డాడు. తర్వాత ఎదురు కుర్చీ లాక్కొని ఇంటి మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. కాగితం మీద ప్రిన్సిపాల్ ఆమే, అందులో ఏ మార్పూ లేదు. బోర్డుకు పోయే ప్రతి కాగితం మీద ఆమె సంతకమే. గదిలో మాత్రం సమత కూర్చుంటుంది. వచ్చేపోయే పెద్దవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడాలి కదా. జీతం సంగతి కూడా చూస్తానన్నాడు.

ఆమె బల్ల మీది ఫైలు వైపు చూసి, "రెండేండ్లు చదివిన సార్" అన్నది.

"తెల్సు మేడం. మీరు చదివిన్రు గనుకనే కద, ఇయ్యాల మన పని అయింది" అన్నాడు భూపాల్. ఆయన మెచ్చుకుంటూనే అన్నాడు. ఆమెను నొప్పించాలని ఆయనకు ఏ కోశానా లేదు. "ఒక్క మాట చెప్పుండ్రి. మీరొచ్చి ఈ కుర్చీల కూసుంటే, పొద్దుగాల బస్సుల కాడ ఎవరు నిలవడ్తరు? మీ అసొంటి మనిషి నాకు దొర్కుతదా?"

ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు. ఇన్నేళ్ళూ ఒళ్ళు దాచుకోకుండా చేసిన పనే తనను ఇక్కడ దాకా రానివ్వలేదని ఆ నిమిషంలో ఆమెకు అర్థమైంది. కాస్త తక్కువగా చేసి ఉంటే, ఒక్క బస్సన్నా తప్పిపోనిచ్చి ఉంటే, ఈయన తనను ఎప్పుడో ఈ గదిలోకి తెచ్చి కూర్చోబెట్టేవాడేమో. తన మీద తనకే జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా, పొద్దున పట్టుచీర కట్టుకున్నందుకు సిగ్గు వేసింది.

బల్ల మీద ఫైలు తెరిచే ఉంది. డిగ్రీ, బీఎడ్, అన్నిటి మీద కొత్తగా మెరుస్తున్న ఎం.ఏ. పంతొమ్మిదేళ్ళలో అవి అన్నీ ఒక్కచోట ఆమె చేతికి అందే దూరంలో ఉండటం ఇదే మొదలు. ఆమె లేచి నిలబడింది. కాగితాలను అంచులు కలిపి సర్ది, ఫైలు మూసి, హ్యాండ్‌బ్యాగులో పట్టకపోతే చంకన పెట్టుకుంది. సొంత కాగితాలు తీసుకుంటుంటే దొంగతనం చేస్తున్నట్టు అనిపించడం ఏమిటో!

"నా సర్టిఫికెట్లు నేను తీస్కపోతున్న సార్."

భూపాల్ ఏదో అనబోయి, రేపు సెలవు పూట ఏమైనా జిరాక్సులు తీయించుకుంటుందేమో అనుకున్నాడు కాబోలు, తల ఊపాడు. "సోమవారం మర్వకుండ తేవాలె మేడం. బీరువల పెట్టాలె" అన్నాడు. అప్పుడే బిర్యానీ వాడి ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు.

ఆమె బిర్యానీ తినలేదు. మధ్యాహ్నం ఏడో తరగతికి భిన్నాలు చెప్పింది, వెనక బెంచీ పిల్లవాడికి అర్థం కాలేదంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నాలుగింటికి ఆరు బస్సులూ ఎక్కించింది. ప్రగతిని పక్కన నిలబెట్టుకొని, ఏ పిల్ల ఎక్కడ కూర్చోవాలో, దిగేటప్పుడు ఏం చూసుకోవాలో, చివరి సీటు దాకా ఎందుకు నడవాలో అన్నీ చెప్పింది. వారం రోజులు పట్టే పని గంటలో చెప్పడంతో ఆ పిల్లకు సగమే ఎక్కింది. ఎందుకు మేడం ఇవన్నీ, మీరుంటరు కద అన్నది ప్రగతి. శారదాదేవి ఆమె చేతిలో పరీక్ష అట్ట పెట్టి, రాసుకో, మర్చిపోతవు అన్నది. చిన్న మంగళారం బస్సు చివరగా కదిలింది. దుమ్ము తగ్గే దాకా నిలబడి, రోడ్డు మీదికి వచ్చింది. గేటు దగ్గర ప్రేమదాసు ఆమె చంకలోని ఫైలు చూశాడు. తోడు రావాల్నా మేడం అని అడగబోయినట్టున్నాడు, అడగలేదు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

షేర్ ఆటోలో చివరి సీటు దొరికింది. ఒకపక్క పూల మూటలు, మరోపక్క నిద్రపోతున్న ఓ ఆడకూలీ. ఫైలు ఒళ్ళో పెట్టుకొని ఫోన్ తీసింది. ఎవరికైనా చెప్పాలనిపించింది, ఇట్లా జరిగిందని, తను వచ్చేసిందని. పేర్లన్నీ పై నుంచి కిందికి చూసింది. డ్రైవర్ల పేర్లు, పిల్లల తల్లుల పేర్లు, వాటి పక్కన తరగతి నంబర్లు. ఇంట్లోవాళ్ళ పేర్లు మూడే ఉన్నాయి, అందులో ఒకటి అమ్మది, తీసెయ్యబుద్ధి కాక ఉంచుకున్నది. ఫోన్ సంచిలో వేసేసింది. పక్కనున్న ఆమె నిద్రలోనే భుజం మీదికి ఒరిగింది. శారదాదేవి జరగలేదు. చేవెళ్ళ వచ్చే దాకా ఆ బరువును అట్లాగే మోసుకుంది, అదొక్కటే ఆ రోజు తనకు దక్కిన తోడు.

సోమవారం ఆమె రాలేదు. మంగళవారమూ రాలేదు. భూపాల్ ఫోన్ చేయించాడు, తర్వాత మనిషిని పంపించాడు. ఇంట్లో లేదని, పొద్దున్నే ఫైలు పట్టుకొని శంకర్‌పల్లి వైపు ఏవో స్కూళ్ళు చూడ్డానికి పోయిందని రామేశ్వర్ చెప్పాడట. బస్సుల దగ్గర ప్రగతి నిలబడుతోంది. సమతకు కొత్త బోర్డు వచ్చింది, పాత స్క్రూల రంధ్రాలు సరిపోలేదు, వేరేవి వేయాల్సి వచ్చింది. ఊడదీసిన బోర్డును ఏం చేయాలో ప్రేమదాసుకు ఎవరూ చెప్పలేదు. పారేయడానికి చేతులు రాక దాన్ని మెట్ల కింది గదిలో, విరిగిన బెంచీల మీద వెల్లకిలా పెట్టాడు. దాని మీది పల్చటి ప్లాస్టిక్ పొరను ఇంకా ఎవరూ ఊడదీయలేదు.